ఏఐ బాక్స్ గీశాక నా చూపు అక్కడే ఆగిపోతోంది. ముందు ఎవరు చూడాలి?

వెలుగునీడ (రేడియాలజీ పీజీ, రెండో ఏడాది)

అందరికీ నమస్కారం. మా విభాగంలో ఆరు నెలలుగా ఛాతీ ఎక్స్‌రేలకు ఏఐ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఇమేజ్ తెరిచేసరికే దాని మీద రంగు మచ్చ, చుట్టూ బాక్స్, పక్కన ఓ అంకె ఉంటాయి.

పోయిన వారం ఒక ఎక్స్‌రే వచ్చింది. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో బాక్స్, పక్కన 0.87. నిజంగానే అక్కడ న్యుమోనియా ఉంది. అదే రాసి పంపేయబోతుంటే మా మేడమ్ వెనక నిలబడి, "ఎడమ కాలర్ బోన్ వెనక ఏంటది?" అన్నారు. మొదటి పక్కటెముక, కాలర్ బోన్ ఒకదాని మీద ఒకటి పడే చోట చిన్న గుండ్రటి నీడ. సెంటీమీటరున్నర ఉంటుందేమో. ఏఐ పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు.

నన్ను భయపెట్టింది ఆ నీడ కాదు. మొదటి ఏడాదిలో, ఈ సాఫ్ట్‌వేర్ రాకముందు, రెండు ఎపెక్స్‌లూ (ఊపిరితిత్తుల పై కొసలు) చూడకుండా నేను ఒక్క రిపోర్టు కూడా రాయలేదు. ఆ అలవాటు ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ దగ్గర ఎలా చేస్తున్నారు? ముందు మీరు చూసి తర్వాత ఏఐ చెప్పింది చూస్తారా, లేక అది చూపించిన చోటు నుంచే మొదలుపెడతారా?

---

పాతఫిల్మ్ (రేడియాలజిస్ట్)

మీ మేడమ్ వెనక నిలబడి ఉండడం ఆ పేషెంట్ అదృష్టం అమ్మా.

ఒకటి దొరకగానే వెతకడం ఆపేయడం మన వృత్తిలో చాలా పాత జబ్బు. విరిగిన పక్కటెముక కనబడిన సంబరంలో పక్కనే ఉన్న న్యూమోథోరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వదిలేసిన రోజు నాకూ ఉంది. అప్పటికి ఏఐ లేదు, లైట్‌బాక్స్ మీద ఫిల్మ్ మాత్రమే ఉంది.

2013లో ఒక ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల సీటీలో గొరిల్లా బొమ్మ అతికించి 24 మంది రేడియాలజిస్టుల ముందు పెట్టి నోడ్యూల్స్ (చిన్న గుండ్రటి గడ్డలు) వెతకమన్నారు. ఆ గొరిల్లా సగటు నోడ్యూల్‌కి 48 రెట్లు పెద్దది. 20 మందికి అది కనబడలేదు. కంటి కదలికలు కొలిచి చూస్తే ఆ 20 మందిలో 12 మంది చూపు సరిగ్గా గొరిల్లా మీదే పడింది. కన్ను చూసింది, మనసు చూడలేదు. ఏం వెతకాలో ముందే చెప్పేస్తే కన్ను అంత విధేయంగా ఉంటుంది.

ఏఐ బాక్స్ చేసే పని అదే. 'ఇక్కడ చూడు' అని ముందే చెప్పేస్తుంది. 2023లో 'రేడియాలజీ' పత్రికలో వచ్చిన అధ్యయనం తప్పకుండా చదవండి. 27 మంది రేడియాలజిస్టులు, 50 మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు). ఏఐ ఇచ్చిన బైరాడ్స్ గ్రేడు (క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె) అని చెప్పి చూపించారు, కొన్నింటికి కావాలనే తప్పు గ్రేడు పెట్టారు. సలహా సరైనదైతే అందరూ 80 శాతం దగ్గర సరిగ్గా చెప్పారు. సలహా తప్పైనప్పుడు కొత్తవాళ్లు 20 శాతానికి పడిపోయారు. బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా 45 శాతం దగ్గరికి దిగిపోయారు. అంటే పాతికేళ్ల అనుభవం నన్ను కొంత కాపాడుతుంది, పూర్తిగా కాపాడదు.

నా పద్ధతి చెబుతాను. ఏఐ గుర్తుల లేయర్ ఆఫ్ చేసి మొత్తం చూస్తాను, రిపోర్టు రాసేస్తాను. ఆ తర్వాతే ఆన్ చేస్తాను. రిపోర్టు మార్చాల్సి వస్తే ఎందుకు మార్చానో ఒక్క వాక్యం రాసుకుంటాను.

---

పిక్సెల్_పని (ఇమేజింగ్ మోడల్స్ తయారుచేసే ఇంజినీరు)

వెలుగునీడ గారూ, కాలర్ బోన్ వెనక నీడని మీరూ మోడలూ ఇద్దరూ వదిలేయడం కాకతాళీయం కాకపోవచ్చు. మా పని లోపలి నుంచి చెబుతాను.

ఛాతీ ఎక్స్‌రే మోడల్‌కి పాఠం చెప్పడానికి లక్షల ఇమేజ్‌లు కావాలి. ఒక్కోదానికీ 'ఇందులో ఇది ఉంది' అనే లేబుల్ కావాలి. అన్నింటినీ డాక్టర్ల చేత మళ్లీ చదివించడం అయ్యే పని కాదు. అందుకని పాత రిపోర్టుల్లోని వాక్యాలనే ప్రోగ్రామ్‌తో జల్లెడ పట్టి లేబుల్స్ తీస్తారు. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ఛెస్ట్‌ఎక్స్‌రే14 అలా తయారైందే. 30,805 మంది పేషెంట్లు, 1,12,120 ఎక్స్‌రేలు. అదే ఏడాది వచ్చిన స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఛెక్స్‌నెట్ దీని మీదే నేర్చుకుంది.

ఇప్పుడు ఆలోచించండి. కాలర్ బోన్ వెనక, గుండె వెనక, డయాఫ్రమ్ కింద ఉన్న నోడ్యూల్స్‌నే మనుషులు ఎక్కువగా వదిలేస్తారు. రిపోర్టులో 'నార్మల్' అని ఉంటే మోడల్‌కి కూడా 'నార్మల్' అనే చెబుతాం. మనిషి చూడని చోటు చూడకూడదనే పాఠం దానికి మేమే నేర్పిస్తున్నాం. మీరు రెండో కన్ను అనుకుంటున్నది చాలాసార్లు అదే కన్ను.

సీటీలో రుజువైన నోడ్యూల్స్‌ని వెనక్కి వెళ్లి ఎక్స్‌రే మీద గుర్తించి నేర్పిస్తే ఇది తగ్గుతుంది. కొందరు అలా చేస్తున్నారు, ఖర్చూ శ్రమా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ కొనేముందు కంపెనీని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే అని నా నమ్మకం: లేబుల్స్ రిపోర్టుల నుంచి తీశారా, సీటీ నుంచి తీశారా, బయాప్సీ నుంచి తీశారా?

ఇంకొకటి. 0.87 అంటే '87 శాతం న్యుమోనియా' అని అర్థం కాదు. ఆ అంకెని నిజమైన సంభావ్యతకి సరిపోల్చి సర్దకపోతే అది కేవలం ఒక స్కోరు. 0.87 వచ్చిన ఇమేజ్‌కి 0.6 వచ్చినదానికంటే అనుమానం ఎక్కువ, అంతవరకే.

---

నైట్‌షిఫ్ట్ (రేడియోగ్రాఫర్)

డాక్టర్లు, ఇంజినీర్లు మాట్లాడుతున్న చోట నేనూ ఒక మాట చెప్పొచ్చా? ఇమేజ్ మీ స్క్రీన్ మీదికి రాకముందు నా చేతిలో పుడుతుంది.

నిలబడగలిగిన పేషెంట్‌కి పీఏ వ్యూ (కిరణాలు వీపు నుంచి ముందుకి) తీస్తాం. లేవలేనివాళ్లకి మంచం దగ్గరికే పోర్టబుల్ మెషీన్ తీసుకెళ్లి ఏపీ (ముందు నుంచి వీపుకి) తీస్తాం. ఏపీలో గుండె అసలుకంటే పెద్దగా కనిపిస్తుంది. పేషెంట్ కాస్త తిరిగి పడుకుంటే ఒక ఊపిరితిత్తి తెల్లగా, ఒకటి నల్లగా వస్తుంది. ఛాతీ మీద ఈసీజీ వైర్లు, ఆక్సిజన్ గొట్టం ఉంటాయి. ఇవన్నీ ఇమేజ్‌లో ఉంటాయి. మెషీన్‌కి ఇవన్నీ సమాచారమే. పోర్టబుల్ అంటేనే జబ్బు ముదిరిన మనిషి అని అది కనిపెట్టేస్తుంది.

నెల క్రితం రాత్రి రెండింటికి ఒకామెకి ఎక్స్‌రే తీశాను. అరగంటకి కుడి ఎపెక్స్ మీద బాక్స్ గీసి అర్జెంట్ అని వచ్చింది. వెళ్లి చూశాను. ఆమె జడ కుడి భుజం మీంచి ముందుకు పడి ఉంది. తడి జడ, గట్టిగా అల్లినది. పొడవాటి నీడ, మెలికలు మెలికలుగా. తీసేటప్పుడు నేనే చూసి ఉండాల్సింది. జడ పైకి ముడి వేయించి మళ్లీ తీస్తే ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. పక్క మంచం దగ్గర ఆమె భర్త అప్పటికే ఎవరికో ఫోన్ చేసి ఏడుస్తున్నాడు.

---

పిక్సెల్_పని

నైట్‌షిఫ్ట్ గారూ, మీరు చెప్పినదానికి రుజువులున్నాయి. 2018లో 'ప్లాస్ మెడిసిన్'లో వచ్చిన అధ్యయనంలో న్యుమోనియా పట్టుకోవడానికి వాడే తరహా మోడల్‌కి నేర్పి చూస్తే, ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో దాదాపు నూటికి నూరుపాళ్లు చెప్పేసింది. వాళ్లు కలిపిన డేటాలో ఒక ఆసుపత్రిలో న్యుమోనియా 34 శాతం, ఇంకో చోట ఒక శాతం. ఆసుపత్రిని గుర్తుపడితే చాలు, సగం జవాబు వచ్చేసినట్టే. మూలన మీరు పెట్టే లోహపు మార్కర్ కూడా దానికి ఆనవాలే. వేరే ఆసుపత్రి ఎక్స్‌రేలు ఇస్తే ఐదు పోలికల్లో మూడింట్లో న్యుమోనియా మోడల్ పనితనం పడిపోయింది.

న్యూమోథోరాక్స్ సంగతీ అంతే. ఛెస్ట్‌ఎక్స్‌రే14లో ఆ లేబుల్ ఉన్న ఎక్స్‌రేల్లో చాలావాటిలో ఛాతీలో అప్పటికే గొట్టం వేసి ఉంది. అంటే చికిత్స మొదలైన కేసులు. మోడల్ గాలిని గుర్తించకుండా గొట్టాన్ని గుర్తించినా మార్కులు పడతాయి. మనకి కావాల్సింది గొట్టం ఇంకా వేయని మనిషిని పట్టుకోవడం.

---

కొత్తదారి

అందరూ లోపాలే చెబుతున్నారు. మనుషుల లోపాలూ చెప్పండి. రాత్రి మూడింటికి రెండు వందల ఎక్స్‌రేలు చదివేసిన డాక్టర్ ఎంత చురుగ్గా ఉంటాడు? మెషీన్ అలసిపోదు. 2016లోనే ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ ఇక కొత్తగా రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నారు. ఆయనకి 2024లో నోబెల్ వచ్చింది. ఎవరు ముందు చూడాలి అనే ప్రశ్నే తాత్కాలికం అని నాకనిపిస్తుంది.

---

పాతఫిల్మ్

అలసట గురించి మీరన్న మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ హింటన్ గారు ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో అన్నారు. ఐదేళ్లు 2021లోనే అయిపోయాయి. ఆయన తెలివి తక్కువ మనిషి కాదు. ఆయన ఊహించుకున్న పని, మేం చేసే పని ఒకటి కావు, తేడా అక్కడుంది. ఇమేజ్‌లో నమూనా గుర్తుపట్టడం మా పనిలో ఒక ముక్క. పాత సీటీ పక్కన పెట్టి పోల్చడం, సర్జన్‌కి ఫోన్ చేసి 'ఆయనకి కిడ్నీలు బాగోలేవు కదా, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా చేద్దాం' అనడం, ఈ నీడ రెండేళ్ల నుంచీ ఇలాగే ఉంది కాబట్టి బయాప్సీ సూది పొడవొద్దు అని ఆపడం కూడా మా పనే.

---

శాంపిల్‌సైజ్ (బయోస్టాటిస్టిక్స్)

ఈ సంబరం మనకి ఒకసారి జరిగిపోయింది. మామోగ్రామ్‌లకు కంప్యూటర్ సాయాన్ని అమెరికాలో 1998లో అనుమతించారు. కొన్నేళ్లలో అక్కడ ఎక్కడ చూసినా అదే. 2007లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో 43 కేంద్రాల లెక్కలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న కేంద్రాల్లో క్యాన్సర్ లేనివాళ్లని లేదని సరిగ్గా చెప్పడం 90.2 శాతం నుంచి 87.2కి తగ్గింది. బయాప్సీలు దాదాపు 20 శాతం పెరిగాయి. క్యాన్సర్లు పట్టుకోవడంలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. అప్పటికే అది ఊరూరా పాతుకుపోయింది.

ఎందుకిలా జరుగుతుందో లెక్క చూడండి. వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉందనుకుందాం. ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకునే, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే మెషీన్ ఉంది. వినడానికి గొప్పగా ఉంటుంది. జబ్బున్నవాళ్లలో 9 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో 99 మందికి కూడా బాక్స్ గీస్తుంది. మొత్తం 108 బాక్సులు, అందులో నిజం 9. ఆ మిగతా 99 మందిలో ప్రతి ఒక్కరి వెనకా నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన ఆ భర్త ఉంటాడు.

అయితే కొత్తదారి గారికి అనుకూలంగా కూడా ఒకటి చెప్పాలి, అదే న్యాయం. మామోగ్రామ్‌ల మీదే స్వీడన్‌లో జరిగిన మసాయి ట్రయల్. 80,033 మంది మహిళలు, లాటరీ పద్ధతిలో రెండు గుంపులు. ఒక గుంపుకి మామూలుగా ఇద్దరు రేడియాలజిస్టులు చదివారు. రెండో గుంపులో ఏఐ రిస్కు స్కోరు ఇచ్చింది, రిస్కు ఎక్కువైతే ఇద్దరు, తక్కువైతే ఒక్కరే చదివారు. 2023లో వచ్చిన ఫలితం: ఏఐ గుంపులో 244 క్యాన్సర్లు, మామూలు గుంపులో 203. క్యాన్సర్ లేకుండానే మళ్లీ రమ్మన్న పిలుపులు రెండింట్లోనూ 1.5 శాతమే. చదివే పని 44 శాతం తగ్గింది.

తేడా గమనించారా? పాతది ప్రతి ఇమేజ్ మీదా గుర్తులు చల్లింది. స్వీడన్‌లో ఎవరికి రెండు జతల కళ్లు కావాలో తేల్చడానికి ఏఐని వాడారు, ఎక్కువ రిస్కు ఉన్నవాటిలోనే గుర్తులు చూపించారు. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిది అన్నదానితో పాటు దాన్ని పనిలో ఎక్కడ కూర్చోబెట్టాం అన్నది ఫలితాన్ని మారుస్తుంది. వెలుగునీడ గారి ప్రశ్న సరిగ్గా దీని గురించే.

---

ఎమర్జెన్సీ_డ్యూటీ

మా దగ్గర ఏఐ బాక్స్ కంటే ఏఐ క్యూ ఎక్కువ ఉపయోగపడుతోంది. తల సీటీలో రక్తస్రావం అనుమానం ఉంటే ఆ స్కాన్ లిస్టులో పైకి వస్తుంది. స్ట్రోక్‌లో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని లెక్క. ఇరవై నిమిషాలు ముందు ఫోన్ మోగడం ఒక మనిషి మళ్లీ మాట్లాడటానికీ మాట్లాడకపోవడానికీ తేడా కావచ్చు. ఇది నేను కళ్లతో చూశాను.

భయం ఒక్కటే. ఏఐ పైకి లేపనివి కిందకి జారతాయి. పలుచటి సబ్‌డ్యూరల్‌ని (పుర్రెకీ మెదడుకీ మధ్య చేరే రక్తం) అది వదిలేస్తే, ఆ స్కాన్ పాత పద్ధతిలో కంటే ఆలస్యంగా తెరుస్తాం. అందుకే 'ఏ స్కానూ ఇంత సమయం దాటి ఆగకూడదు' అని గడువు పెట్టించాం. అలా పెట్టించడానికి చాలా వాదించాల్సి వచ్చింది.

---

ఎదురుచూసినదాన్ని (పేషెంట్)

ఈ చర్చ అంతా చదివాను, సగం అర్థమైంది. ఆ 99 మందిలో నేనొకదాన్ని. మామోగ్రామ్ తర్వాత మళ్లీ రమ్మన్నారు. తొమ్మిది రోజులు ఆగాలి. ఎందుకు పిలిచారని అడిగితే 'సిస్టమ్ గుర్తించింది' అన్నారు. సిస్టమ్ అంటే ఎవరు? డాక్టర్ చూశారా లేదా? ఎవరూ చెప్పలేదు. తొమ్మిది రోజులూ పిల్లల బట్టలు మడతపెడుతూ, వీళ్లకి ఏ చొక్కా ఎక్కడుందో ఎవరు చెబుతారు అని ఆలోచించాను. చివరికి ఏమీ లేదన్నారు.

మెషీన్ వద్దని నేననను. మా పిన్నికి ఆలస్యంగా తెలిసింది, ముందు తెలిస్తే బతికేది. ఒక్కటే అడుగుతున్నాను. మెషీన్ అనుమానించిందా, మనిషి అనుమానించారా, ఇద్దరూనా, ఆ ఒక్క ముక్క మాకు చెప్పండి.

---

పాతఫిల్మ్

అమ్మా, మీరడిగింది సబబు. మా దగ్గర ఫోన్ చేసేవాళ్లకి రాసిచ్చిన కాగితంలో ఆ వాక్యం లేదు. రేపే చేర్పిస్తాను.

---

కొత్తదారి

ఎదురుచూసినదాన్ని గారూ, మీ పోస్టు చదివాక నా పాత పోస్టులో తొందర కనబడింది. కానీ ఒక విషయం ఇంకా వదలను. మీరంతా రేడియాలజిస్టు ఉన్న చోటు గురించే మాట్లాడుతున్నారు. ఎక్స్‌రే మెషీన్ ఉండి, చదివేవాళ్లే లేని చోట ముందు ఎవరు చూడాలి అనే ప్రశ్నే లేదు. క్షయ స్క్రీనింగ్‌లో 15 ఏళ్లు, ఆ పైబడినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలకు మనిషి బదులు సాఫ్ట్‌వేర్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది.

---

శాంపిల్‌సైజ్

అది సరైన చోటు, నేనూ సమర్థిస్తాను. ఎందుకంటే అక్కడ సాఫ్ట్‌వేర్ మాటే తుది మాట కాదు. అనుమానం వస్తే కఫం పరీక్ష ఉంటుంది. తప్పు చేస్తే పట్టుకునే మెట్టు ఒకటి కింద ఉంది. ఆ మెట్టు లేని చోట జాగ్రత్త. కోవిడ్ మొదటి ఏడాదిలో ఛాతీ ఇమేజ్‌ల మీద వందల మోడల్స్ వచ్చాయి. 2021లో ఒక బృందం 2,212 అధ్యయనాలు జల్లెడ పట్టి, 62 మిగిల్చి, వాటిలో ఒక్కటీ ఆసుపత్రిలో వాడటానికి పనికిరాదని తేల్చింది. కొన్నింటిలో 'కోవిడ్ లేని' ఎక్స్‌రేలు చిన్నపిల్లలవి. మోడల్ నేర్చుకున్నది పెద్దవాళ్లనీ పిల్లల్నీ వేరుచేయడం.

---

వెలుగునీడ

ఐదు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. ముందు ఆ పేషెంట్ సంగతి. సీటీలో ఎడమ ఎపెక్స్‌లో 14 మిల్లీమీటర్ల నోడ్యూల్, అంచులు ముళ్లు ముళ్లుగా. ఇంకెక్కడా పాకలేదు. సర్జరీకి తీసుకున్నారు.

పాతఫిల్మ్ సార్ పద్ధతి మొదలుపెట్టాను. మొదటి వారం నరకం. వర్క్‌లిస్ట్ కదలలేదు, అందరూ విసుక్కున్నారు. రెండో వారానికి చేయి తిరిగింది. లేయర్ ఆఫ్, రెండు ఎపెక్స్‌లు, హిలమ్‌లు (ఊపిరితిత్తుల్లోకి రక్తనాళాలు వెళ్లే చోట్లు), గుండె వెనక, డయాఫ్రమ్ కింద, ఎముకలు, అప్పుడు రాయడం, అప్పుడు ఆన్. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీశాను: నేను చూసి ఏఐ చూడనివి, ఏఐ చూసి నేను చూడనివి, ఇద్దరం వదిలేసి తర్వాత సీటీలో బయటపడ్డవి.

నిజం చెప్పాలి. రెండో గడి ఖాళీగా లేదు. మొన్న గుండె నీడ వెనక ఒక నోడ్యూల్‌ని నేను పూర్తిగా వదిలేశాను. 'గుండె వెనక చూశాను' అని మనసులో టిక్ కూడా పెట్టుకున్నాను. లేయర్ ఆన్ చేస్తే అక్కడ బాక్స్. ఇమేజ్ వెలుతురు (విండో) మార్చి చూశాను, ఉంది. పాతఫిల్మ్ సార్ చెప్పిన గొరిల్లా గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి.

మూడో గడిలో ఇప్పటికి రెండు. రెండూ కాలర్ బోన్ దగ్గరే. పిక్సెల్_పని గారు చెప్పినట్టే.

---

పిక్సెల్_పని

ఆ మూడో గడిలోని రెండు కేసులూ పేషెంట్ వివరాలు తీసేసి, మీ విభాగం అనుమతితో కంపెనీకి పంపించండి. మాకు అందే ఫిర్యాదుల్లో దాదాపు అన్నీ 'అనవసరంగా బాక్స్ గీసింది' అనేవే. గీయాల్సిన చోట గీయలేదని ఎవరూ రాయరు, ఎందుకంటే అది ఎవరికీ కనబడదు. మీకు కనబడింది.

---

నైట్‌షిఫ్ట్

నాలుగో గడి కూడా పెట్టండి మేడమ్. జడ, వైరు, బొత్తాం, పేషెంట్ తిరిగిపోవడం, ఊపిరి పూర్తిగా తీసుకోకపోవడం. వాటి వల్ల వచ్చిన బాక్సులు. వారానికోసారి ఆ పేజీ ఫోటో మాకు పంపితే మేం తీసేటప్పుడే సరిచూసుకుంటాం.

---

వెలుగునీడ

గీశాను. మొదటి ఎంట్రీ ఇప్పుడే పడింది: ఎడమ ఎపెక్స్, మెడలో గొలుసు కొక్కెం.